పదిహేడో నంబరు ఎడమ చెయ్యి

ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో నేను గోడలకు అంటించిన నోటీసులు ఎన్నో. వాటిలో ఒక్కటి మాత్రం ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పై సగం కన్నడం, కింది సగం తెలుగు, అడుగున తేదీతో సహా నా సంతకం. అక్షరదోషం ఒక్కటీ లేదు. అందులోని ఆజ్ఞ మాత్రం తప్పు. గణితాన్నీ కంప్యూటరునూ నమ్ముకొని ఉద్యోగాల్లో చేరుతున్న యువతీయువకులు చదువుకుంటారని ఆ కాగితం సంగతి ఇక్కడ వ్రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. తక్కినవారంతా మంచిపని చేశారు, వారికి ప్రచారం అక్కరలేదు. తప్పు చేసినవాణ్ణి నేను, నాకు అసలే అక్కరలేదు.

నేను గణితశాస్త్రం చదివినవాణ్ణి. ఉద్యోగం చివరి మూడేళ్ళు మా పరిశోధన సంస్థ నన్ను బెంగళూరు నుంచి ఆంధ్ర సరిహద్దున ఉన్న పావగడలోని చర్మచికిత్స కేంద్రానికి పంపింది. పని సోరియాసిస్ మీద. నేను వైద్యుణ్ణి కాను. ఈ మాట బంధువులకు చెప్పి చెప్పి అలసిపోయాను. అయినా వాళ్ళు పెళ్ళిళ్ళలో నాకు మోచేతులు చూపించడం మానలేదు.

మన చర్మంలో అట్టడుగు వరుసలో కొత్త కణాలు పుడతాయి. అవి మెల్లగా పైకి జరుగుతూ, చదునై, ఎండి, చివరకు మనకు తెలియకుండానే రాలిపోతాయి. ఆరోగ్యంగా ఉన్న చర్మంలో ఈ ప్రయాణానికి సుమారు ఒక నెల పడుతుంది. సోరియాసిస్‌లో కొద్ది రోజుల్లోనే ముగిసిపోతుంది. ముందువి రాలేలోగా వెనుకవి వచ్చి మీద పడతాయి. ఎర్రని మచ్చ మీద తెల్లని పొలుసులు పేరుకుంటాయి. ఇది అంటుకునే జబ్బు కాదు. ఒక రకమైన అతినీలలోహిత కాంతిని తగిన మోతాదులో వారానికి మూడుసార్లు చర్మం మీద పడనిస్తే, అడుగున తొందరపడుతున్న కణాలు కొన్ని నశించి, మచ్చ పలచబడుతుంది. ఎవరికి ఎన్ని వారాలు పడుతుంది, ఎవరికి ఫలితం ఉండదు అన్నది ముందుగానే లెక్కగట్టవచ్చునా? అందుకోసం సమీకరణాలు వ్రాసి, కంప్యూటరులో ఒక నమూనా చర్మాన్ని పెంచడం నా పని. తెర మీద ఒక్కొక్క చుక్క ఒక్కొక్క కణం. వేళకు పుట్టేది, వరుసలో పైకి జరిగేది, చెప్పినప్పుడు రాలిపోయేది. అంతటి క్రమశిక్షణ గల ప్రజలను నేను మరెక్కడా చూడలేదు.

కేంద్రంలో కాంతి యంత్రం ఒక్కటే. మనుషులం ముగ్గురం. చర్మవైద్యురాలు చిన్న వయసు ఆవిడ. మాట తక్కువ, చూపు చురుకు. నర్సు నిడుగల్లు వైపు ఆవిడ; వాళ్ళ తాతల కాలం దాకా గొర్రెల మందలతో తిరిగిన కుటుంబం. చర్మకణాల సంగతి ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని ఒకనాడు నేను గొర్రెలను ఉదాహరణగా తీసుకున్నాను. దొడ్డిలో నుంచి గొర్రెలు ఒక్కొక్కటిగా వరుసలో బయటికి పోతున్నట్టు ఊహించుకోమన్నాను.

"మంద అట్ల పోదు సార్," అంది ఆమె వెంటనే. "ముందరిది వాకిట్లో నిలబడిందంటే ఎనకవి దాని మీదికెక్కుతాయి. వాకిలి మూసుకపోతాది. మీరెప్పుడన్నా గొర్రెలు తోలినారా?"

తోలలేదని ఒప్పుకున్నాను. కానీ ఆమె చెప్పినదాన్ని గొర్రెలకు సంబంధించిన సమాచారంగానే భావించి పక్కన పెట్టాను.

చేరిన రెండో వారంలోనే నేను వైద్యురాలి గది గోడకు ఆ నోటీసు అంటించాను. మచ్చ మందాన్ని కొలిచే పరికరం కింద ఒకరు కొబ్బరినూనెతో, ఒకరు పౌడరుతో, ఒకరు నాటుమందుతో చెయ్యి పెడితే కొలతకు విలువ ఏముంటుంది? "కాంతి చికిత్సకు వచ్చేవారు చర్మంపై నూనె, లేపనం, పొడి ఏదియూ పూసుకొని రాకూడదు. ఉల్లంఘించినవారికి ఆనాటి చికిత్స ఇవ్వబడదు." వైద్యురాలు దాన్ని చదివి, "సార్, మామూలుగా మేము..." అని మొదలుపెట్టింది. "మామూలుగా అన్నది నా పట్టికలో పట్టదమ్మా," అన్నాను. ఆమె తల ఊపి ఊరుకుంది. నా వయసుకు ఇచ్చిన మర్యాద అది. ఆ మర్యాద ఎంత ఖరీదైనదో తరువాత తెలిసింది.

మా పట్టికలో పదిహేడో నంబరు బలసముద్రం అనే ఊరి ఆమె. వయసు నలభైకి అటూ ఇటూ. వాన పడిన ఏడాది వేరుసెనగ, తక్కిన రోజుల్లో సోలారు పార్కులో కూలి. సూర్యఫలకాలను కడిగే ఆడవాళ్ళ జట్టులో పని. అక్కడివాళ్ళు వాటిని ప్లేట్లు అంటారు. అద్దం వేడెక్కకముందే కడగాలి గనుక తెల్లవారుతూనే పని మొదలు, పదింటికల్లా ముగింపు. తరువాత బస్సెక్కి మా దగ్గరకు వచ్చేది. చీర మీద పొడుగు చేతుల మగచొక్కా తొడుక్కునేది. ఎండకు అందరూ తొడుక్కుంటారు. ఈమె మచ్చలు కనబడకుండానూ తొడుక్కునేది. రెండు మోచేతుల నుంచి మణికట్టు దాకా మచ్చలు.

వాటి వల్లే చిక్కు వచ్చింది. ఒకరోజు నీళ్ళ ట్యాంకరు దగ్గర చొక్కా చేతులు మడిచినప్పుడు జట్టులో వాళ్ళు చూశారట. ఆనాటి నుంచి ఆమె ముట్టిన మగ్గుతో ఎవరూ నీళ్ళు తాగడం లేదు. ఇద్దరు వెళ్ళి సూపర్‌వైజరుకు చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. "ఆస్పత్రికి పోతా ఉండావు గదా, నయమయ్యేదాకా చూస్తాలే. ఆస్పత్రోళ్ళే కాదంటే నేనేం చేసేది? జట్టంతా నిలబడిపోతాది," అన్నాడట. అంటే ఆమె పని మా చికిత్స మీద, మా చికిత్స నా పట్టిక మీద ఆధారపడి ఉన్నాయి. ఈ సంగతి నర్సుకు తెలుసు. నాకు తెలియదు. పట్టికలో ఆ గడి లేదు.

ఆరో వారానికి పదిహేడో నంబరు నన్ను వేధించడం మొదలుపెట్టింది. ఆమె కుడిచెయ్యి నా నమూనా చెప్పిన దానికన్నా నిదానంగా ఉంది. ఎడమచెయ్యి నమూనాను ఎక్కడో వెనుక వదిలేసి పరుగెత్తుతోంది. ఒకే మనిషి, ఒకే రక్తం, ఒకే యంత్రం, ఒకే మోతాదు. రెండు చేతులకు రెండు చర్మాలా? యంత్రంలోని దీపాలను ఇటూ అటూ కొలిచాను; సమానంగా ఉన్నాయి. ఆమెను వెనక్కు తిప్పి నిలబెట్టించాను, తేడా రాలేదు. చివరకు, క్రమాన్ని ప్రేమించేవాడు ఏం చేస్తాడో అదే చేశాను. తప్పు కొలిచినవారిదని నిర్ణయించాను. కుడి ఎడమలు తారుమారుగా నమోదు చేస్తున్నారని, ఇకపై జాగ్రత్త వహించవలెనని నర్సుకు ఒక మెమో వ్రాశాను.

ఆమె దాన్ని నా బల్ల ముందు నిలబడే చదివింది.

"ముప్పై ఏండ్లుగా సూదులేస్తా ఉండా సార్. ఎడమేదో కుడేదో నాకు తెలీదా?"

"తెలియదని కాదు. పొరపాటు మానవసహజం."

"అట్లయితే మీరూ మానవులే గదా సార్," అని వెళ్ళిపోయింది.

ఆ తరువాత మూడు రోజులు నాతో కన్నడంలోనే మాట్లాడింది. పావగడ తాలూకాలో తెలుగువాళ్ళు ఆఫీసు కాగితాలతో కన్నడం, మనుషులతో తెలుగు మాట్లాడతారు. నన్ను ఆమె కాగితాల్లోకి చేర్చిందన్న మాట.

యంత్రం కోసం ఎదురుచూస్తున్నవారు చాలామంది ఉన్నారు. కాబట్టి నమూనా ప్రకారం పన్నెండు వారాల్లో కూడా ఫలితం ఉండదని తేలినవారిని తప్పించి, కొత్తవారిని తీసుకోవాలన్నది నియమం. ఆ నియమమూ నాదే. ఎనిమిదో వారం చివర జాబితా తయారుచేశాను. పదిహేడో నంబరు ఎడమచేతి కొలతలను 'నమోదు దోషం' అని పక్కన పెట్టి, కుడిచేతి కొలతలు మాత్రమే నమూనాకు ఇచ్చాను. తెర మీద చుక్కలు తమ ధర్మం తాము నిర్వర్తించాయి: ఫలితం ఉండదు. ఆ పేరుకు ఎదురుగా 'నిలిపివేయవచ్చును' అని వ్రాసి సంతకం చేశాను. శనివారం వైద్యురాలు రెండో సంతకం పెడితే అయిపోయినట్టే.

శనివారం ఉదయం నర్సు మళ్ళీ తెలుగులోకి వచ్చింది. సూపర్‌వైజరు మాట, మగ్గు సంగతి, ఇద్దరి ఫిర్యాదు అన్నీ చెప్పి, "ఈడ తీసేస్తే ఆడా తీసేస్తారు సార్. నా మీద కోపం ఉంటే నా మీద చూపించండి," అంది. నాకు ఎవరి మీదా కోపం లేదనీ, లెక్కకు కోపతాపాలు ఉండవనీ చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొంచెం పెద్దగా వినిపించింది.

పదకొండున్నరకు పదిహేడో నంబరు వచ్చింది. చొక్కా అంచులు ఇంకా తడిగా ఉన్నాయి. వైద్యురాలి గదిలో నలుగురం. నిర్ణయాన్ని చదివి వినిపించవలసినవాణ్ణి నేనే. చికిత్స వల్ల ఆశించిన ప్రయోజనం కలుగలేదనీ, అందువల్ల ఇకపై కొనసాగించడం సముచితం కాదనీ స్పష్టమైన తెలుగులో చదివాను.

ఆమె ఎడమచేతి చొక్కా పైకి లాగి చెయ్యి నా కాగితం మీద పెట్టింది.

"దీన్ని సూడండి సార్ ముందు."

చూశాను. మచ్చలున్న చోట లేత గులాబీ రంగు తప్ప ఏమీ లేదు. ఎనిమిది వారాలుగా నేను ఆ చేతిని అంకెలుగానే చూశాను. చెయ్యిగా చూడడం అదే మొదలు.

"ఆ చెయ్యి లెక్కలోకి రాదమ్మా," అన్నాను.

"నా చెయ్యే గదా సార్. లెక్కలో లేకపోతే యాడికి పోతాది?"

నర్సు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. వైద్యురాలు మాత్రం నవ్వలేదు. ముందుకు వంగి ఆ చేతిని పట్టుకొని, తరువాత కుడిచేతిని పట్టుకొని, రెండింటినీ వెలుతురుకు తిప్పి చూసింది.

"ఈ చేతికి ఏం చేశావమ్మా?"

"ఏమీ లేదు మేడమ్."

"ఏమీ చేయకపోతే ఇలా ఉండదు."

పదిహేడో నంబరు గోడ మీది నోటీసు వైపు చూసింది. నా వైపు చూసింది.

"ఏమ్మే, చెప్పు," అంది నర్సు. "ఇంగ ఎట్లాగూ తీసేసినారు. చెప్తే పోయేదేముంది?"

అప్పుడు చెప్పింది. చెప్పేకొద్దీ ధైర్యం వచ్చింది.

"తెల్లార్తో పనికి పోయేముందర రెండు చేతులకీ సెనగనూనె పూసుకుంటా. పైన చొక్కా. పని అయ్యేసరికి చేతుల మీది పొట్టు అంతా నానింటాది. ట్యాంకరు కాడ తడిగుడ్డతో మెల్లగా తుడిచేస్తా. సబ్బేసి కడిగేసి, ఆరబెట్టుకోని బస్సెక్కుతా. ఏం పూసుకోని రావద్దని రాసినారు, పూసుకోని రాలే. కడుక్కోని రావద్దని యాడ రాసినారు సార్?"

ఎక్కడా వ్రాయలేదు.

"ఎందుకలా తుడవాలనిపించింది?" అని వైద్యురాలు అడిగింది.

"ఇదేం మాట మేడమ్? ప్లేటు మీద దుమ్ముంటే ఎండ లోపలికి దిగదు, కరెంటు రాదు. పనిలో చేరిన దినమే మా సూపర్‌వైజరు చెప్పినాడు. ఈడా మీరు లైటే గదా ఏసేది? పైన అంత మందాన పొట్టు పెట్టుకోని నిలబడితే లైటు లోపలికి యాడ పోతాది?"

"మరి కుడిచెయ్యి?" అన్నాను. నా గొంతు ఈసారి అంత పెద్దగా లేదు.

ఆమె నన్ను జాలిగా చూసింది. "కుడిచేత్తో ఎడమచెయ్యి తుడుస్తా సార్. బాగొస్తాది. ఎడమచేత్తో కుడిచెయ్యి తుడిస్తే పట్టు దొరకదు. మీరు గిన్నెలు తోమితే తెలుస్తాది."

తరువాత వైద్యురాలు చాలా నెమ్మదిగా, నా వైపు కాక మేజా వైపు చూస్తూ అంది: "సార్, పొలుసులు కాంతిని అడ్డుకుంటాయి. అందుకే మందంగా ఉన్నవాళ్ళకు ముందు నూనె రాయించి, మెత్తబరచి తీసేస్తాం. మామూలుగా."

మామూలుగా. ఆనాడు నేను ఆమెను పూర్తి చేయనివ్వని వాక్యం అది.

నా సమీకరణాల్లో పొలుసు ఒక ఫలితం మాత్రమే. కణాలు తొందరపడితే పేరుకుంటుంది, నెమ్మదిస్తే తగ్గుతుంది. అది తిరిగి తన కిందికి పోవలసిన కాంతిని ఆపుతుందన్న పదాన్ని నేను వ్రాయలేదు. నర్సు చెప్పిన మంద అదే. ముందరిది వాకిట్లో నిలబడితే వాకిలి మూసుకుపోతుంది. పైగా నేను గోడకు అంటించిన ఆజ్ఞ వల్ల తక్కిన రోగులందరూ ఎనిమిది వారాలుగా, నా మాట మీద గౌరవంతో, వాకిలి మూసుకొనే యంత్రం ముందు నిలబడ్డారు. ఈ ఒక్కమనిషి ఆజ్ఞను మీరకుండానే దాటింది. దాటిన చేతిని నేను దోషమని కొట్టివేశాను.

లేచి వెళ్ళి నోటీసు తీసేశాను. జిగురు గట్టిది, ఒక మూల గోడకే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం సమీకరణంలో ఒక్క పదం చేర్చాను. పొలుసు మందం పెరిగినకొద్దీ కిందికి దిగే కాంతి తగ్గుతుందని. ఎడమచేతికి పలచని పొలుసు, కుడిచేతికి మందమైనది. కంప్యూటరు చాలాసేపు ఆలోచించింది. నర్సు నా కుర్చీ వెనుక వచ్చి నిలబడింది. తెర మీద రెండు గీతలు గీసుకుంటూ వచ్చాయి. ఎడమచేతి కొలతలు ఒక గీత మీద, కుడిచేతి కొలతలు మరొక గీత మీద, క్రమశిక్షణతో కూర్చున్నాయి.

"నేను ఎడమనే ఎడమని రాసినానా సార్?" అంది నర్సు.

మెమోను ఉపసంహరించుకుంటున్నట్టు ఇంకొక మెమో వ్రాసి, క్షమించవలెనని చివరి వాక్యం చేర్చి ఇచ్చాను.

"క్షమాపణ గూడా ఫైల్లోనే పెడతారా సార్?"

"నోటితో కూడా చెబుతున్నానమ్మా," అన్నాను. చెప్పాను.

వైద్యురాలు నా జాబితాలోని పదిహేడో వరుసను కొట్టివేసింది. పొలుసు లేని చర్మానికి అదే మోతాదు ఎక్కువవుతుందనీ, ఎడమచేతికి అప్పటికే కొంచెం మంట ఉందని రోగి చెప్పిందనీ, మోతాదు తగ్గించి వ్రాసింది. నూనె రాసి పొలుసు తీయడం ఇక ఇంట్లో కాదు, కేంద్రంలో నర్సు చేతుల మీదుగా అని నిర్ణయించింది. అందరికీ. తరువాత మరొక కాగితం తీసి, ఇది అంటుకునే జబ్బు కాదని, కలిసి పనిచేయవచ్చునని, ఒకే మగ్గుతో నీళ్ళు తాగవచ్చునని కన్నడంలో వ్రాసి ముద్ర వేసింది. ఆ ఉత్తరం నేనే పట్టుకొని వెళతానన్నాను. నాకు అంతకన్నా చిన్న శిక్ష దొరకలేదు.

సోమవారం మొదటి బస్సుకు బలసముద్రం వెళ్ళాను. కంచె అవతల ప్లేట్ల నల్లని వరుసలు, గీటు గీసి పెట్టినట్టు, కనుచూపు ఆగేదాకా. నా ప్రాణానికి ఆ క్రమం హాయిగా ఉంది. సూపర్‌వైజరు ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు.

"ఇంతేనా సార్? ఈ మాట మొదట్లోనే రాసిచ్చింటే సరిపోతుండె గదా. ఇన్ని వారాలు ఆయమ్మ నా మొగం సూస్తా, నేను ఆయమ్మ మొగం సూస్తా ఉండినామే."

నిజమే. ఆ ఉత్తరానికి సమీకరణం అక్కరలేదు, కంప్యూటరు అక్కరలేదు. ఒక కలం, ఒక ముద్ర చాలు. అది మాకెవరికీ తోచలేదు. నయం చేయడంలో మునిగిపోయి ఉన్నాం.

ఆయన ఉత్తరాన్ని జట్టు అంతటికీ గట్టిగా చదివి వినిపించాడు. ఆడవాళ్ళు బ్రష్షుల కర్రలు పట్టుకొని విన్నారు. ఫిర్యాదు చేసిన ఇద్దరిలో ఒకామె ముందుకొచ్చి పదిహేడో నంబరు ఎడమచేతిని ఎత్తి పట్టి చూసింది.

"ఇది పాసయిందప్పా. కుడిచెయ్యి ఇంగా ఫెయిలే. మగ్గు ఈ చేత్తోనే ఇయ్యి."

"నీకు మగ్గు గాదు, బ్రష్షు ఇస్తా పట్టు," అంది మన ఆమె. అందరూ నవ్వారు. మగ్గు ఎడమచేతి నుంచే చేతులు మారింది. రెండోరోజు నుంచి ఏ చేతితో అని ఎవరూ చూడలేదని తరువాత విన్నాను.

కుడిచెయ్యి కూడా నా కొత్త గీత వెంబడే దిగివచ్చింది. చికిత్స ముగిసిన రోజున ఆమెకు ఒక పటం చూపించాను. తప్పు ఒప్పుకున్నవాడికి ఒప్పును చూపించుకోవాలని ఉంటుంది. రెండు గీతలూ ఎగుడుదిగుడుగా జారుతూ వచ్చి, అడుగున సున్నా దగ్గర కలిసి ఆగిపోతాయి. ఆ సున్నా కింద నేను సరళరేఖ గీసి, 'సమాప్తం' అని వ్రాసి ఉన్నాను.

"ఇక్కడికి అయిపోయిందమ్మా," అన్నాను.

ఆమె కాగితం చివర మీద వేలు పెట్టింది. "అయిపోతాదా సార్? మళ్ళ రాదా?"

వైద్యురాలి వైపు చూశాను. రావచ్చునని ఆవిడ నిజమే చెప్పింది. ఈ జబ్బు తగ్గుతుంది, కొంతకాలం కనిపించకుండా ఉంటుంది, తిరిగి రావచ్చు; వస్తే మళ్ళీ చికిత్స చేస్తాం.

నేను ఆమె ముఖం చూడడానికి వెనుకాడాను. ఆమె మాత్రం చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచింది. ఎండలోకి వెళ్ళబోతూ ఆమె అలా మడవడం నేను అదే మొదటిసారి చూశాను.

"రానీలే సార్. దుమ్ము పడదని ప్లేట్లు కడుగుతామా? పడతాదనే గదా కడిగేది."

ఆమె బస్సుకు వెళ్ళిపోయింది. నేను నా గదికి వచ్చి, రబ్బరు తీసుకొని 'సమాప్తం' చెరిపాను. తరువాత స్కేలు పెట్టి, సున్నా దగ్గర ఆగిపోయిన గీతను కాగితం అంచు దాకా పొడిగించాను.